నెట్ పోతే బిల్లు ఆగాలా?

"నెట్ లేదండీ, కాస్త ఆగండి." బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఈ మాట విన్నప్పుడల్లా నాకు క్వేక్‌వరల్డ్ గుర్తొస్తుంది. క్వేక్ ఆటకి 1996 చివర్లో వచ్చిన ఆన్‌లైన్ రూపం అది. అప్పటి డయలప్ మోడెమ్‌లతో ప్రతి కదలికకీ సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తే ఆట సాగదు. అందుకే దాని ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ పద్ధతి మార్చాడు. మీట నొక్కగానే ఆటగాడి కంప్యూటరే బొమ్మను కదిపేస్తుంది. సర్వర్ తర్వాత సరిచూసి, తేడా ఉంటే దిద్దుతుంది.

ఇన్నేళ్లయినా కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఒక్కో వస్తువుకీ సర్వర్‌నే అడుగుతున్నాయి. ధరలు, జీఎస్టీ రేట్లు కౌంటర్ మెషిన్‌లోనే ఉంచొచ్చు కదా! బిల్లు కొట్టేసి, స్టాకు లెక్క నెట్ వచ్చాక సరిచూసుకోవచ్చు. యూపీఐ డబ్బు చేరిందో లేదో మాత్రం ముందే ఊహించకూడదు, అది బ్యాంకు చెప్పాల్సిందే.

ఈ ఆలస్యానికి మాట పడేది సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు కాదు, పొద్దున్నుంచీ కౌంటర్‌లో నిలబడ్డ అమ్మాయి. నాకు బాధగా ఉండేది అదే.

షాపు యజమానులకి నాదొక విన్నపం. కొనేముందు డెమో చూపిస్తారు కదా, అప్పుడే ఇంటర్నెట్ వైరు పీకేసి ఒక బిల్లు కొట్టమనండి.