ఆటోనగరులో ఒక ఉదయం

బెజవాడ వెళ్ళినవాళ్ళు కొండెక్కి కనకదుర్గమ్మను దర్శించుకుంటారు. ప్రకాశం బారేజీ మీద కాసేపు నిలబడి కృష్ణమ్మ గాలి పీల్చుకుంటారు. ఓపిక ఉంటే ఉండవల్లి గుహలు కూడా చూసి, బీసెంటు రోడ్డులో రెండు చీరెలు కొనుక్కుని సాయంత్రం రైలెక్కుతారు. ఆటోనగరు చూడటానికి మాత్రం యాత్రికులెవరూ వెళ్ళరు. కాని పాతకారు కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళు అమ్మవారి దర్శనం తర్వాత తప్పకుండా చూడవలసిన చోటు అదే.

బెంజి సర్కిలు దగ్గర బందరు రోడ్డు పట్టుకుని తూర్పుగా పోతే, పటమట దాటిన తర్వాత ఎడమచేతి వైపు ఆటోనగరు గేటు వస్తుంది. 1960ల దశకంలో ఊరి బయట వెలసిన ఈ పేట ఊరు పెరిగిపోవటంతో ఇప్పుడు ఊళ్ళోకి వచ్చేసింది. గేటు దాటగానే మనిషికంటె ముందు చెవి లోపలికి వెళుతుంది. ఒక వీధి నిండా సుత్తి దెబ్బలు. ఇంకో వీధిలో లేతు మిషన్ల రొద. ఒకచోట లారీలకు బాడీలు కడుతూ ఉంటారు, ఒకచోట కమాను కట్టలు సాగదీస్తూ ఉంటారు. సీట్లు కుట్టేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, విప్పిన బండ్ల భాగాలను కుప్పలు పోసి అమ్మేవాళ్ళు—ఎవరి వీధి వారిది. రంగులవాళ్ళ వీధిలో గాలే తియ్యగా, ఘాటుగా ఉంటుంది. ముక్కలైపోయిన బండి ఈ గేటులోంచి లోపలికి వెళ్ళి పెళ్ళికొడుకులా బయటికి రాగలదు. ఆ పనితనాన్ని మెచ్చుకోవాలి, దానితో జాగ్రత్తగానూ ఉండాలి.

నేను వెళ్ళింది మా మేనల్లుడి పని మీద. వాడు గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో బడిపంతులు. మా అక్కయ్యకు మూత్రపిండాలు చెడి, వారానికి మూడుసార్లు బెజవాడ తీసుకువచ్చి డయాలిసిస్ చేయించవలసి వస్తున్నది. నాలుగు గంటలు మంచం మీద పడుకుని, ఒళ్ళు సోలిపోతూ ఉండగా, ఆవిడ రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి పొద్దుపోతుంది. అందుకని వాడు చీటీ పాడి, పి.ఎఫ్.లోంచి కొంత తీసి నాలుగు లక్షలు పోగుచేశాడు. ఆ డబ్బుకు కొత్తబండి రాదు.

"ఇవి పోతే మళ్ళీ ఇంత పోగు చెయ్యలేను మామయ్యా. అమ్మను కూర్చోబెట్టే బండి. నువ్వు పక్కన ఉండు" అన్నాడు.

మా నాన్నగారి కాలంలో ఎద్దును కొనాలంటే సంతకు తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేవారు. అతను పళ్ళు చూసేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూసేవాడు. అట్లాంటి మనిషి కోసం వాకబు చేస్తే, ఆటోనగరులో ఒక టింకరింగు షెడ్డు పెద్దమేస్త్రీ దొరికారు. అరవై దాటిన మనిషి. ఎడమచేతి బొటనవేలు గోరు సుత్తి దెబ్బకు ఎప్పుడో వంకరపోయింది. బండి చూసి చెప్పటానికి వెయ్యి రూపాయలు అడిగారు.

"ముప్ఫయి ఏళ్ళు ఈ చేతులతో బండి దెబ్బలు దాచానండీ. ఎక్కడెక్కడ దాస్తారో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారు నవ్వుతూ.

మొదటి బండి తెల్లది, 2018లో రిజిస్టరయినది. బేరగాడు పొద్దున్నే కడిగించి నీళ్ళు కారుతూ తీసుకువచ్చాడు. ఒక డాక్టరు గారు నడిపిన బండి అనీ, ఒక్క గీత కూడా పడలేదనీ చెప్పాడు. మేస్త్రీ గారు దాని వంక చూడనైనా చూడకుండా, "ఎండలో పెట్టు, ఆరనీ" అన్నారు. తడిబండినీ, దీపాల వెలుతురులో బండినీ చూసి బేరం చెయ్యకూడదట. నీళ్ళు ఒంపుసొంపులను కప్పేస్తాయి, రాత్రి దీపాలు రంగు తేడాను మింగేస్తాయి.

బండి ఆరిన తర్వాత ఆయన వెనక మూలన గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, పక్కభాగం పొడుగునా చూశారు. గోడ వరస చూసే తాపీమేస్త్రీ చూపు అది. తరువాత బానెట్టుకూ పక్కరేకుకూ మధ్య సందులో గోరు పెట్టి పైనుంచి కిందికి లాగారు. కుడివైపు సందు చివరిదాకా ఒకే వెడల్పు. ఎడమవైపు పైన గోరు దూరింది, కింద దూరలేదు.

"అద్దాలు చూడండి మాస్టారూ" అన్నారు మా వాడితో. కారు అద్దం ప్రతిదాని మూలలోనూ చిన్న ముద్ర ఉంటుంది. దానిలో కంపెనీ గుర్తుతో పాటు, తయారైన సంవత్సరం చివరి అంకె కూడా సాధారణంగా ఉంటుంది. ఒక బండి అద్దాలన్నీ ఇంచుమించు ఒకే కాలానివై ఉండాలి. ఇక్కడ తలుపుల అద్దాలన్నిటి మీదా 8 ఉన్నది. ముందు అద్దం మీద మాత్రం 2 ఉన్నది. అంటే 2022 తర్వాత మార్చారన్నమాట.

"రాయి తగిలి పగిలి ఉండవచ్చు గదా?" అన్నాను.

"ఉండవచ్చు. అద్దం మారటం నేరం కాదు. ఒక్క సాక్షి మాట పట్టుకుని తీర్పు చెప్పకూడదు" అని బానెట్టు ఎత్తించారు.

అక్కడ రెండో సాక్షి దొరికింది. ఫ్యాక్టరీలో రేకులు బిగించిన తర్వాతనే రంగు వేస్తారు గనుక బోల్టు తలల మీద కూడా రంగు చెదరకుండా ఉంటుంది. పానా పెట్టి విప్పితే ఆ తల అంచుల్లో రంగు చిట్లుతుంది. బానెట్టు బోల్టులూ, ఎడమ పక్కరేకు బోల్టులూ చిట్లి ఉన్నాయి. ఆయన ఇంకా లోపలికి టార్చి వేశారు. ఇంజనుకు ఇరుపక్కలా ముందుకు సాగివచ్చే రెండు ఇనుప దూలాలు ఉంటాయి. వాటి దగ్గర రేకులను ఫ్యాక్టరీలో మిషను చుక్కచుక్కగా అతుకుతుంది. సూదితో కుట్టినట్టు, సమదూరంలో గుండ్రటి పల్లాలు కనిపిస్తాయి. కుడివైపు ఆ చుక్కలున్నాయి. ఎడమవైపు చుక్కలకు బదులు చీమలబారులాగా వెల్డింగు గీత ఉన్నది. దాని మీద నల్లరంగు పూశారు. దూలం మీద ఒకచోట మడతపడి మళ్ళీ లాగిన ముడత కూడా తెలుస్తున్నది.

షెడ్డు కుర్రాడు ఒక చిన్న పరికరం తెచ్చి రేకుల మీద ఆనించాడు. రంగు మందాన్ని అది మైక్రాన్లలో చెబుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఫ్యాక్టరీ రంగు చాలా బండ్లలో 100, 150 మధ్య ఉంటుంది. మళ్ళీ రంగు వేస్తే 200 దాటుతుంది. లప్పం పెడితే ఏకంగా వేలలోకి పోతుంది. కుడి తలుపు మీద 115, ఎడమ తలుపు కింద 1400 చూపించింది. మేస్త్రీ గారికి ఆ పరికరం మీద గురి తక్కువ. జేబులోంచి పాత స్పీకరులోని అయస్కాంతం ముక్క తీశారు, గీత పడకుండా గుడ్డ చుట్టినది. ఇనుప రేకు మీద అది టప్పున అంటుకున్నది. లప్పం ఉన్నచోట జారి ఆయన అరచేతిలో పడింది.

అంతవరకూ డబ్బు సంగతి. ఆ తరువాతది ప్రాణం సంగతి.

ఆయన స్టీరింగు ముందు కూర్చుని, ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం మాత్రం తిప్పారు. దీపాలన్నీ వెలిగాయి. వాటిలో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొద్ది సెకన్లలో తనంతట తాను ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో బల్బు పీకేసినట్టు. ఈ బండిలో అది వెలిగింది గాని ఆరలేదు. ఇంజను స్టార్టు చెయ్యగానే ఆయిలు దీపంతో పాటు ఒకే క్షణాన ఆరింది. మళ్ళీ చేసి చూశారు. మళ్ళీ అంతే.

"ఈ దీపం తీగెను ఆయిలు దీపానికి కలిపారండీ. సంచి ఒకసారి విచ్చుకున్నది. మళ్ళీ కొత్తది వెయ్యలేదు. దీపం వెలుగుతూ ఉంటే బండి అమ్ముడుపోదని ఈ ఏర్పాటు" అన్నారు మెల్లిగా. డాష్‌బోర్డు మీద వేళ్ళతో తడిమితే, సంచి ఉండే మూత అంచున అతికిన గరుకు తగిలింది.

మా వాడి ముఖం పాలిపోయింది. బేరగాడు చిన్నచిన్న టచప్పులు మామూలేనన్నాడు. మేస్త్రీ గారు కోపగించుకోలేదు. "రేకు పని నేనూ చేస్తాను బాబూ. ఆ దీపం సంగతి మాత్రం చెప్పి అమ్ము" అని దిగిపోయారు.

టీ తాగుతూ ఆయన ఒక మాట విడమరిచి చెప్పారు. బంపరు, బానెట్టు, తలుపులు, పక్కరేకులు—ఇవి బోల్టులతో బిగించేవి. మనిషి చొక్కాలాంటివి. చిరిగితే మార్చుకోవచ్చు. దూలాలు, స్తంభాలు, నేలరేకు వెల్డింగుతో ఒకటిగా అతికినవి. ఇవి ఎముకలు. ముందు దూలాలను గుద్దుకున్నప్పుడు ముడుచుకుపోయేటట్టుగానే తయారుచేస్తారు. అవి ముడుచుకుంటూ ఆ దెబ్బలో కొంత భాగాన్ని మింగితే లోపలి మనిషికి అంతమేరకు తగ్గుతుంది. ఒకసారి ముడిచి, సుత్తితో సాగదీసిన దూలం రెండోసారి అట్లాగే ముడుచుకుంటుందన్న భరోసా లేదు. చొక్కా మారిన బండికి వెల తగ్గించుకుని కొనవచ్చు. ఎముక విరిగి దాచిన బండిలో ఇంటివాళ్ళను ఎక్కించకూడదు.

పక్క షెడ్డులో రెండో బండి చూశాము. ఎక్కడా దెబ్బ లేదు, వెల మరీ చవక. తలుపు తియ్యగానే గుప్పున సెంటు వాసన. మేస్త్రీ గారు సీటుబెల్టును చివరిదాకా లాగారు. ఎప్పుడూ చుట్టలోనే ఉండే ఆఖరి మూరెడు పట్టీ మీద బురదచార అడ్డంగా కనిపించింది. సీటు కింద పట్టాలు తుప్పుపట్టి ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు పేటలు మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్ళలో నానాయో బెజవాడవాళ్ళకు తెలుసు. బండిని ఎంత ఆరబెట్టినా తీగెల అతుకుల్లో చేరిన తేమ మెల్లిగా పనిచేస్తూనే ఉంటుంది. పూర్వం ఏ.పి. 16 అంటే కృష్ణా జిల్లా బండి అని పలక చూసి చెప్పేవాళ్ళం. 2019లో రాష్ట్రమంతటికీ ఏ.పి. 39 వచ్చింది గనుక ఆ తరువాతి బండి ఏ ఊరిదో పలక చెప్పదు. ఆర్.సి. చదువుకోవలసిందే. అందులోని చాసిస్ నంబరు 17 అక్షరాలనూ బండి మీద చెక్కిన నంబరుతో సరిచూసుకోవలసిందే.

మూడో బండి వెండిరంగుది. యజమాని బందరులో రిటైరయిన ఉద్యోగి. మేము అడగకముందే, "రెండేళ్ళ కిందట ఒక ఆటో వచ్చి వెనక కుడి తలుపును గుద్దిందండీ. తలుపు మార్పించాను. ఇదిగో బిల్లు" అని ఫైలు చేతిలో పెట్టారు. మా వాడు వెనక్కి తగ్గబోయాడు. ఉదయం చూసినదాంతో వాడికి దెబ్బ అనే మాటంటేనే భయం పట్టుకున్నది. మేస్త్రీ గారు ముందు ఇన్సూరెన్సు కాగితం తిరగవేశారు. ఏడాది పొడుగునా క్లెయిము చెయ్యని యజమానికి మరుసటి ఏడు సొంతబండి నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. అది ఏటా పెరిగి, అయిదేళ్ళకు 50 శాతం అవుతుంది. క్లెయిము చేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ బండికి ఏడేళ్ళు, ఒకే యజమాని, తగ్గింపు మాత్రం 20. అంటే రెండేళ్ళ కిందట క్లెయిము అయి, ఆ తరువాత ఏడాది శుభ్రంగా గడిచిందన్నమాట. కాగితం చెప్పినదీ మనిషి చెప్పినదీ ఒకటే.

కుర్రాడు మైక్రాన్లు చూశాడు. బండి అంతటా 120 ప్రాంతం, మారిన తలుపు మీద 240. తలుపు చుట్టూ రబ్బరు అంచు ఊడదీస్తే స్తంభం మీద ఫ్యాక్టరీ చుక్కలు వరసగా ఉన్నాయి. ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, తనంతట తాను ఆరింది. బండిని లిఫ్టు మీద పైకెత్తి కింద చూశారు. చివరికి కంకిపాడు వైపు తిన్నని రోడ్డు మీద నడిపించారు. స్టీరింగు మీద పట్టు కాస్త వదులు చేసినా బండి ఏ పక్కకూ లాగలేదు.

"చొక్కా జేబు చిరిగిందండీ, అంతే. తీసుకోండి" అన్నారు.

తలుపు పేరు చెప్పి బేరమాడదామని మా వాడు అనుకున్నాడు గాని, అడగకముందే చెప్పిన మనిషి దగ్గర వాడికి నోరు రాలేదు. ఆయనే అయిదువేలు తగ్గించారు.

మీరు ఈ పనులన్నీ మేస్త్రీ లేకుండానే చాలావరకు చేసుకోవచ్చు. సందులో గోరు పెట్టటానికీ, అద్దాల అంకెలు చదవటానికీ, సీటుబెల్టు లాగటానికీ, తాళం తిప్పి దీపం చూడటానికీ చదువేమీ అక్కరలేదు. పగటిపూట ఒక గంట తీరిక ఉంటే చాలు. లిఫ్టు ఎక్కించే పనికి మాత్రం తెలిసినవాణ్ణి పిలవండి.

ఇప్పుడు మా అక్కయ్య వారానికి మూడు రోజులూ ఆ బండిలోనే వెళ్ళివస్తున్నది. వెనకసీట్లో కుడిపక్కన, ఆ మారిన తలుపు దగ్గరే, తలగడ పెట్టుకుని పడుకుంటుందట. తక్కిన మూడు తలుపుల కంటె అదే మెత్తగా పడుతుందనీ, చప్పుడు చెయ్యదనీ ఆవిడ అంటూ ఉంటుంది.