మన చేతిలో మిగిలే రసీదు

"ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరు రాస్తున్నారు సార్, పోస్టాఫీసు లేకపోతే మునిగిపోయేదేముంది?" అని క్లాసులో పిల్లలు అడుగుతుంటారు. మా వాడలో ఉత్తరాలు మానేసి చాలా కాలమైంది. దరఖాస్తులు, ఫిర్యాదులు రాయడం మాత్రం మానలేదు.

స్టేషన్లో మన ఫిర్యాదు తీసుకోకపోతే ఏం చేయాలి? పాత సీఆర్‌పీసీ 154(3) అయినా, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 173(4) అయినా చెప్పేదొకటే: విషయం కాగితం మీద రాసి పోస్టులో ఎస్పీకి పంపొచ్చు. "పోస్టులో" అన్న మాట చట్టంలోనే ఉంది. మా వాడలో ఒక కుటుంబాన్ని కొట్టినప్పుడు మూడు రోజులు స్టేషన్ బయట కూచోబెట్టారు. చదువుకున్నోణ్ణని ఫిర్యాదు నా చేత రాయించారు. రిజిస్టర్ పోస్టులో పంపాం. ముద్ర పడిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చాక "మాకేం అందలేదు" అని ఎవరూ అనలేకపోయారు. మన మాటకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఊళ్ళో దొరకరు. ఆ కార్డే మన సాక్షి.

ఇప్పుడు ఆ సాక్షి ఖరీదు పెరిగింది. 2025లో రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. రెండు కాగితాల ఫిర్యాదు అంతకుముందు 25 రూపాయల 96 పైసలకు పోయేది. అక్టోబరులో వచ్చిన కొత్త రేట్ల ప్రకారం వేరే ఊరికి 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టు 47, రిజిస్ట్రేషన్ 5, పైన జీఎస్టీ. మొత్తం 61 దాటుతుంది. కూలి డబ్బుల్లోంచి కట్టేవాళ్ళకు ఇది చిన్న తేడా కాదు.

దీనికి ముందే, 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆపేశారు. నా పీహెచ్‌డీకి కావలసిన దళిత కవిత్వం సగం ఏ లైబ్రరీలోనూ లేదు. సొంత డబ్బులతో అచ్చేసుకున్న కవులు తక్కువ ఖర్చుతో పోస్టులో పంపితేనే చదివాను. రేపు పరిశోధన చేసే పిల్లలకు ఆ దారి మూసేశారు.

ప్రైవేటీకరణ అంటే బోర్డు మార్చి అమ్మేయడమే అనుకుంటాం. ఇక్కడ పద్ధతి వేరు. 1898 చట్టంలో ఉత్తరాలు చేరవేసే ప్రత్యేక హక్కు కేంద్రానికి ఉండేది. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో ఆ సెక్షన్ లేదు. స్టాంపులు జారీ చేసే హక్కు మాత్రం మిగిల్చారు. లాభమొచ్చే నగరాలు కొరియర్లకు, నష్టమొచ్చే పల్లెలు పోస్టాఫీసుకు. తర్వాత "పోస్టాఫీసు నష్టాల్లో ఉంది" అని మళ్ళీ వాళ్ళే అంటారు.

ఆ పల్లెల భారం మోసేది గ్రామీణ డాక్ సేవకులు. పదో తరగతి మార్కులతో, రిజర్వేషన్ రోస్టర్‌తో వచ్చే ఉద్యోగం. మన వాడల నుంచి ఎందరో ఆడపిల్లలు అందులో ఉన్నారు. వాళ్ళవి సివిల్ పోస్టులేనని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇప్పటికీ వాళ్ళు రెగ్యులర్ ఉద్యోగులు కారు. 2018లో పదహారు రోజులు సమ్మె చేసినా కాలేదు. పైనున్న అధికారులు వాళ్ళకు ఖాతాల, ఇన్సూరెన్సుల టార్గెట్లు పెడతారు. ఉత్తరం సకాలంలో చేరిందా అన్నది వెనక్కి పోతుంది. రేపు ఈ పని కొరియర్ కంపెనీకి పోతే అక్కడ రోస్టర్ ఉండదు. 16(4) ఆ గేటు దాకా వెళ్ళదు.

పోస్టాఫీసులో అంతా బాగుందని నేననను. మన వాడకు ఉత్తరం ఆలస్యంగా వచ్చిన రోజులు మనకు తెలుసు. కానీ అప్పుడు అడగడానికి మనకు హక్కుంది. కొరియర్ వాడు "మీ ఏరియాకు సర్వీసు లేదు" అంటే అడగడానికి ఏముంది?

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. ఫిర్యాదులకు, సమాచార హక్కు దరఖాస్తులకు పాత రేటుకే రిజిస్ట్రేషన్. బుక్ పోస్టు పునరుద్ధరణ. డాక్ సేవకులకు రెగ్యులర్ హోదా. వాళ్ళు మళ్ళీ సమ్మెకు దిగిన రోజు మన విద్యార్థి సంఘాల జెండాలు ఆ పోస్టాఫీసు ముందు కనిపించాలి. మన కాగితాలు ఇన్నాళ్ళూ మోసింది వాళ్ళే.

జై భీమ్.