కొన్న డిస్కుకు తాళంచెవి ఎవరిది?

పుస్తకం కొన్నవాడు దాన్ని ఏ దీపం వెలుగులో చదవాలో అమ్మినవాడు నిర్ణయించడు. కిరోసిన్ దీపమైనా, విద్యుద్దీపమైనా అక్షరం అక్షరమే. చలనచిత్రాల డి.వి.డి. సంగతి అలా కాదు. అది ఏ దేశంలో, ఏ యంత్రంలో, ఏ సాఫ్ట్‌వేరుతో తెరుచుకోవాలో తయారుచేసినవారే ముందుగా నిశ్చయించి, లోపల తాళం వేసి మరీ అమ్ముతారు. లైనక్స్ వాడేవారికి ఈ సత్యం త్వరగా బోధపడుతుంది.

నా వృత్తి అనువాదం. విద్యార్థి దశలో చదివినది ఆంగ్ల సాహిత్యం. షేక్స్‌పియరు 'మాక్‌బెత్' నాటకాన్ని అకిరా కురొసావా మధ్యయుగపు జపానుకు తరలించి 1957లో తీసిన చిత్రం 'థ్రోన్ ఆఫ్ బ్లడ్'. ఆంగ్ల నాటకం జపాను భాషలోకి వెళ్ళి, ఉపశీర్షికల రూపంలో తిరిగి ఆంగ్లంలోకి వచ్చిందన్నమాట. అమెరికాలో క్రైటీరియన్ వారు విడుదల చేసిన డిస్కులో ఈ తిరుగు ప్రయాణం రెండు దారుల్లో సాగుతుంది. డొనాల్డ్ రిచీ కూర్చిన ఉపశీర్షికలు ఒక వరుస, లిండా హోగ్లండ్ కూర్చినవి మరొక వరుస. ఒకే సంభాషణను ఇద్దరు అనువాదకులు ఎలా గ్రహించారో పోల్చి చూడగలగటం నావంటివారికి పెన్నిధి. విదేశంలోని మిత్రుడొకరు ఆ డిస్కును కొని పంపారు. నా కంప్యూటరులో ఉన్నది ఉబుంటు లైనక్స్. దానితో వచ్చిన ప్లేయరు డిస్కు పేరు చూపింది గాని, చిత్రాన్ని చూపలేదు.

అందుకు కారణం రెండు తాళాలు. మొదటిది సి.ఎస్.ఎస్. అనే 40 బిట్ల గూఢలిపి. దాన్ని విప్పే రహస్యాన్ని లైసెన్సు పుచ్చుకున్న తయారీదారులకు మాత్రమే అప్పగించారు. తన నిర్మాణాన్ని యావత్తూ బహిరంగంగా ఉంచే సాఫ్ట్‌వేరు అటువంటి రహస్యాన్ని ఎక్కడ దాచగలదు? రెండవ తాళం ప్రాంతసంఖ్య. అమెరికాకు 1, జపానుకు 2, భారతదేశానికి 5. కంప్యూటరు డ్రైవులో ఈ సంఖ్యను సాధారణంగా 5 సార్లకు మించి మార్చనివ్వరు.

మొదటి తాళం 1999లో ఊడింది. నార్వేకు చెందిన యోన్ లెక్ యోహాన్సెన్ అనే 15 ఏళ్ళ బాలుడు, మరి ఇద్దరు అజ్ఞాత సహచరులతో కలిసి, డిక్రిప్షన్ ప్రోగ్రామును లోకానికి వెల్లడించాడు. కొనుక్కున్న డిస్కులను లైనక్స్‌లో చూసుకోవడానికే ఈ ప్రయత్నమని అతని వాదన. అతనిపై అభియోగం మోపారు. నార్వే న్యాయస్థానాలు 2003లో ఒకసారి, అప్పీలులో మరొకసారి అతన్ని నిర్దోషిగా ప్రకటించాయి.

నేడు లైనక్స్‌లో ఈ పనికి ఎక్కువగా వాడేది లిబ్‌డివిడిసిఎస్ఎస్ అనే చిన్న గ్రంథాలయం. 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు ప్రారంభించిన వీడియోలాన్ ప్రాజెక్టు నుంచి వచ్చినదే ఇది. వీఎల్‌సీ ప్లేయరుదీ అదే పుట్టిల్లు. ఉబుంటువారు ఈ గ్రంథాలయాన్ని నేరుగా ఇవ్వరు. దానికి బదులు లిబ్‌డివిడి-పికెజి అనే ప్యాకేజీని ఇస్తారు. అది మూలప్రతిని తెప్పించి, మన కంప్యూటరులోనే ఆ గ్రంథాలయాన్ని తయారుచేస్తుంది. తాళంచెవి చేతికివ్వకుండా, దాన్ని పోతపోసుకునే అచ్చు ఇచ్చినట్లు! డ్రైవు ప్రాంతసంఖ్య కుదరనప్పుడు కూడా చాలా సందర్భాల్లో ఈ ఉపాయం ఫలిస్తుంది.

తాళం తీసినంత మాత్రాన ఎంపిక ముగియదు. ప్లేయరు ఎన్నుకోవడానికి నేను మూడు పరీక్షలు పెట్టుకున్నాను. డిస్కులోని మెనూ పనిచేయాలి. ఉపశీర్షికల వరుసను క్షణంలో మార్చగలగాలి. సంభాషణను నెమ్మదిగా నడిపించగలగాలి. ఎంపీవీ తేలికైన ప్లేయరు, కీబోర్డుతో పనిచేసేవారికి హాయి. మెనూల విషయంలో వీఎల్‌సీ నాకు ఎక్కువ అనుకూలించింది. అందులో 'వి' అక్షరం నొక్కితే రిచీ తప్పుకుని హోగ్లండ్ వస్తారు. మళ్ళీ నొక్కుతూ పోతే రిచీ తిరిగి వస్తారు. డి.వి.డి. ఉపశీర్షికలు అక్షరాలుగా కాక బొమ్మలుగా ముద్రితమై ఉంటాయి కనుక వాటిని నకలు చేసుకోలేము. చిత్రాన్ని నిలిపి, చేత్తోనే నోటుపుస్తకంలో రెండు నిలువు వరుసలుగా రాసుకుంటున్నాను. ఒక వరుసలో పొదుపు, మరొక వరుసలో వివరణ కనబడిన చోటల్లా ఆగి, తెలుగులో నేనైతే ఏమి చేసేవాడినని ఆలోచిస్తాను.

ఇది చట్టసమ్మతమేనా అని పాఠకులు అడగవచ్చు. మన కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 65ఎ విభాగం, హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని నేరంగా పేర్కొన్నది. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనాలకు మినహాయింపు కూడా ఇచ్చింది. ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకున్న ఈ విచక్షణ హర్షించదగినది. నకళ్ళు తీసి అమ్ముకునేవాడినీ, సొంత డిస్కును సొంత బల్లమీద చదువుకునేవాడినీ ఒకే గాటన కట్టరాదు.

కొత్త ల్యాప్‌టాపులలో డిస్కు డ్రైవులు దాదాపు కనుమరుగైనాయి. డిస్కులు దాచుకున్నవారు యు.ఎస్.బి. డ్రైవు ఒకటి సమకూర్చుకుని, అవి తెరుచుకుంటున్నాయో లేదో ఇప్పుడే చూసుకోవడం మంచిది. అద్దెకు చూసే చిత్రం ఒప్పందం తీరితే మాయమవుతుంది. కొన్న చిత్రం అలమరలోనే ఉంటుంది. దాన్ని చదివే సాధనాన్ని కూడా పదిలపరచుకోవలసిన బాధ్యత మాత్రం కొన్నవారిదే.