గుడ్డు పొదగాలంటే తాత నడవాల



పిల్లోళ్ళ చేతిలో ఫోను చూస్తే మనలో చాలామందికి ఒళ్ళు మండుతుంది. "కూర్చొని ఆడీ ఆడీ బస్తా మాదిరి అయినాడు" అని తిట్టని ఇల్లు మన గౌరిబిదనూరులో ఉండదేమో. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే వీడియో గేములన్నీ ఒకటి కాదు. ఒళ్ళు కదిలిస్తే తప్ప సాగని ఆటలు కూడా ఉన్నాయి. వాటి గురించి ఈరోజు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. తమిళ మీడియంలో చదివిన నాకు తెలుగులో రాయడం రిటైరైనాకే అలవాటైంది, ఓపికగా చదవండి.

మా మనవడికి పన్నెండేళ్ళు. బెంగళూరులో ఉంటాడు. వయసుకు మించిన ఒళ్ళు. ఆటకు పోతే తోటి పిల్లోళ్ళు పేర్లు పెట్టి నవ్వుతారని గ్రౌండుకు పోయేదే మానేసినాడు. ఆడకపోతే ఒళ్ళు పెరుగుతుంది, ఒళ్ళు పెరిగేకొద్దీ ఆడాలంటే ఇంకా సిగ్గు. "ఎదిగే బిడ్డ, పస్తులు పెట్టొద్దండి. ఎత్తు పెరిగేకొద్దీ బరువు ఇంకా పెరగకుండా నిలబడితే చాలు. రోజూ గంటసేపు ఒళ్ళు కదలాల" అని డాక్టరమ్మ మా అమ్మాయికి చెప్పింది. ఇక్కడ నా సంగతీ అంతే. ముప్పై ఆరేళ్ళు బుకింగ్ కౌంటరు వెనక కూర్చున్న ఒళ్ళు, పైన షుగరు. నడవమంటే ఒక్కణ్ణే నడవడం నాకు విసుగు.

పోయిన ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు వాడే నా ఫోన్లో పోకేమాన్ గో అనే ఆట వేసిచ్చినాడు. ఇది 2016లో వచ్చింది, ఆ డిసెంబరులోనే మన దేశానికీ వచ్చింది. ఇందులో గుడ్లు ఇస్తారు. ఒకటి 2 కిలోమీటర్లు నడిస్తే పొదుగుతుంది, ఒకటి 5, ఇంకొకటి 10. "తాతా, బండిలో పోతే లెక్కలోకి రాదు" అన్నాడు. అంటే హిందూపురం మెమూ ఎక్కి కూర్చుంటే గుడ్డు పొదగదు, కాళ్ళతోనే టికెట్టు కొనాల! పొద్దున ఎండ ఎక్కకముందే ఇద్దరం బయలుదేరేవాళ్ళం. దారిలో వాణ్ణి చూసి నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. నాలుగో రోజు నుంచి నన్ను నిద్ర లేపింది వాడే.

ఇంట్లోనే ఆడే ఆటలూ ఉన్నాయి. 2006లో నింటెండో కంపెనీ వీ అనే మిషను తెచ్చింది. చేతిలో రిమోటు పట్టుకొని నిజంగా బ్యాటు ఊపినట్టు ఊపితేనే టీవీలో బంతి పోతుంది. 2019లో అదే కంపెనీది రింగ్ ఫిట్ అడ్వెంచర్ వచ్చింది. చేతిలో ఒక చక్రం, తొడకు ఒక పట్టీ. మనం ఉన్నచోటే పరుగెత్తితేనే బొమ్మ పరుగెత్తుతుంది. ఖర్చు మాత్రం ఎక్కువ.

ఇప్పుడు లెక్క చెబుతాను, క్లర్కును కదా. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు ఖర్చు కావాల. నా బరువుకు అరగంట నడిస్తే పోయేది సుమారు 120. అంటే కిలోకు అరవై నడకలు పైనే. ఇంటికొచ్చి ఒక ఓళిగ నెయ్యితో తింటే ఆ రోజు నడక చెల్లు. కాబట్టి ఆట ఒక్కటే బరువు తగ్గించదు. సంగటి ముద్ద పక్కన కూరాకు పెంచి, మధ్యలో మిక్చరు, బిస్కెట్లు మానితేనే ఆట పని చేస్తుంది.

ఇంకొక విషయం. హార్వర్డు పరిశోధకులు అమెరికాలో పోకేమాన్ గో ఆడే యువకుల అడుగులు లెక్కపెట్టి, 2016 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసినారు. మొదటి వారం రోజుకు సగటున 955 అడుగులు ఎక్కువ నడిచినారు. ఆరో వారానికి మళ్ళీ పాత లెక్కకే వచ్చేసినారు. కొత్త మోజు అంతే. మనుషుల తోడు ఉంటే మాత్రం మోజు పోయినా నడక పోదు. మనవడు బెంగళూరుకు వెళ్ళిపోయినాక నాకు గుడ్ల మీద ఆశ తగ్గింది, కానీ అప్పటికే మా వీధిలో ముగ్గురు నాతో కలిసినారు. నాలుగు నెలల్లో నాకు మూడు కిలోలు తగ్గినాయి. మనవడి బరువు పెరగకుండా నిలబడింది. అంతకంటే పెద్ద మాట, సాయంత్రం వాళ్ళ అపార్టుమెంటు పిల్లోళ్ళతో షటిల్ ఆడతా ఉన్నాడంట.

అందుకే నా మనవి. ఫోను లాక్కొని గోడకు కొట్టేముందు ఆ ఆటలో కదిలేది బొటనవేలా, కాళ్ళా అని చూడండి. బొటనవేలు ఆటైతే తగ్గించండి. కాళ్ళ ఆటైతే మీరూ చెప్పులేసుకొని వెంట నడవండి. రోడ్డు దాటేటప్పుడు ఫోను జేబులోనే ఉండాల. అడ్వెంచర్ సింక్ ఆన్ చేసి పెడితే జేబులో ఉన్నా నడక లెక్కకు వస్తుంది. మోకాళ్ళ నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. లావుగా ఉన్న బిడ్డను మాత్రం నలుగురిలో పేరు పెట్టి పిలవొద్దు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు సంఘం హాలు ముందర నేను ఉంటాను. మనవళ్ళను, మనవరాళ్ళను పిలుచుకొని ఎవరెవరు వస్తారో కింద రాయండి.