ముదిరిన బెండకాయ

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే పిన్ని బెండకాయలు తరిగేటప్పుడు ఒక్కో కాయ కొన విరిచి చూస్తుంది. పుటుక్కున విరిగితే కూరకి. వంగిందంటే ముదిరిపోయినట్టే, పక్కకి. ఆ పక్కకి పెట్టినవన్నీ నాకు. ముదిరిన బెండకాయ ఎందుకూ కొరగాదని సామెతల్లో కూడా చెప్పుకున్నాం గానీ, మూడో తరగతి పిల్లల చేతిలో పెట్టి చూడండి. లేత కాయ రంగులో అద్దగానే నలిగిపోతుంది. ముదురు కాయ గట్టిగా నిలిచి, కాగితం మీద అంచులు తేలేలా ముద్ర వేస్తుంది.

అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు. ఒక్కోసారి ఆరు, ఏడు కూడా ఉంటాయి. ఎక్కువ రేకులు దొరికినవాడు ఆ పూటకి రాజు. ఏటవాలుగా కోస్తే సాగిన ఆకు ఆకారం. కోయగానే ఊరే జిగురుని తుడవాలి, లేకపోతే రంగు జారిపోయి పువ్వు కాస్తా మరకవుతుంది. ఈ సంగతి నేను ముందుగా చెప్పను. నాలుగు కాగితాలు పాడయ్యాక ఒక కుర్రాడు చిరాకొచ్చి కాయని నిక్కరుకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత వేసిన ముద్ర చక్కగా పడింది. వాడు దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, మళ్ళీ కాయ వంక చూసి, మళ్ళీ తుడిచాడు. అప్పుడిచ్చాను గుడ్డ.

ఆ రోజే ఒక పిల్ల కాగితం మీద దూరం దూరంగా ఏడెనిమిది ముద్రలు వేసి ఊరుకుంది. మిగతాదంతా ఖాళీ. "ఇంకొన్ని పువ్వులు వెయ్యమ్మా" అన్నాను.

"పువ్వులు కాదు మేడమ్, సినుకులు" అంది. "మా గుమ్మం కాడ దుమ్ములో మొదట ఇలగే పడతాయి."

తర్వాత వాన మొదలైనప్పుడు వసారాలో నిలబడి చూశాను. ఎండిన దుమ్ములో పెద్ద చినుకు పడితే నడుమ చిన్న గుంట, చుట్టూ చిట్లిన అంచు. బెండకాయ ముద్రే. ఇన్నేళ్ళ వానల్లో ఒక్కసారి కూడా నేను వంగి చూడలేదు.

బోర్డు మీద పూలగుత్తి వేసి "ఇలా వెయ్యండి" అని ఉంటే ఆ చినుకులు పుట్టేవి కావు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే వేయించాను: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. కొబ్బరిచెట్లు మా ఊళ్ళో ఉన్నవే. ఏ పిల్లా తన పెరట్లో చెట్టుని వేయలేదు, నా చెట్టునే దించారు. 1897లో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ పిల్లల కోసం చిత్రకళ తరగతి తెరిచి, పెద్దల బొమ్మలు చూసి దించడం మాన్పించి, వాళ్ళకి తోచింది వేయనిచ్చాడు. మన దగ్గర, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్న దేవీ ప్రసాద్ సేవాగ్రామ్‌లో గాంధీజీ నయీ తాలీం బడి పిల్లలకి ఏళ్ళ తరబడి చిత్రకళ చెప్పి, చదువుకి పునాదే కళ అంటూ పుస్తకం రాశారు. వీళ్ళ గురించి చదివి చాలా కాలమే అయింది. ఒంటబట్టింది మాత్రం ఆ చినుకుల దగ్గర.

ఇక రంగులు. పసుపుని గంజిలో కలిపితే కారకుండా చిక్కగా నిలుస్తుంది. గంజి కూడా పిన్ని ఇచ్చేదే. అందులో చిటికెడు సున్నం వేస్తే పిల్లలందరూ ఒక్కసారే "పారాణి!" అంటారు. పెళ్ళిళ్ళలో చూసినదే అయినా, తమ పళ్ళెంలో పచ్చరంగు ఎర్రబడడం వేరు. సున్నం మాత్రం వాళ్ళ చేతికివ్వను, కంట్లో పడితే ప్రమాదం. పెరటి బచ్చలి పళ్ళు నలిపితే ముదురు గులాబీ వస్తుంది. అంత అందమైన రంగు ఏ డబ్బాలోనూ నేను చూడలేదు. కిటికీ పక్కన అంటించిన బచ్చలి బొమ్మలు కొద్ది రోజుల్లోనే వెలిసిపోయాయి. ఒకడు ఏడుపు మొహం పెట్టాడు. అదే రంగుతో రెండు కాగితాలు వేయించి, ఒకటి కిటికీకి, ఒకటి బీరువాలో పెట్టించాను. వారం తిరక్కుండానే ఎండ పని ఏమిటో వాడే అందరికీ చెప్పాడు. సైన్సు పాఠం వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

నాలుగు, ఐదు తరగతుల వాళ్ళని ఒకసారి లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక తీసుకెళ్ళాం. లేత్ మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకి రంగు కలిపిన లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి కర్రకి పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి చెట్ల రంగుల దారి అక్కడ మళ్ళీ పట్టించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. "మనం కలిపే పసుపేనా మేడమ్?" అని ఒకడు గుసగుసగా అడిగాడు. అవునన్నాను. తిరుగు ప్రయాణంలో వాడు తన వేళ్ళకంటిన పసుపు మరకనే చూసుకుంటూ కూర్చున్నాడు.

నా బాధ ఒకటి చెప్పాలి. ప్రాజెక్టు అనే మాట వచ్చాక పిల్లల చేతి పని పెద్దల చేతికి పోయింది. ఒక బడి ప్రదర్శనకి వెళ్ళాను. థర్మోకోల్ కోటలు, లైట్లు వెలిగే ఇళ్ళు, అచ్చులా ఉన్న అక్షరాలు. ఒక కోట వెనక నిలబడ్డ రెండో తరగతి బాబుని "ఈ బురుజు ఎలా నిలబెట్టావు నాన్నా?" అని అడిగితే వాడు వాళ్ళ నాన్న వైపు చూశాడు. ఆయన రాత్రంతా మేలుకుని చేశాడట, ప్రేమతోనే. అయినా బహుమతి అందుకుంటున్నప్పుడు ఆ బాబు తల ఎత్తలేదు. అమ్మల్నీ నాన్నల్నీ బతిమాలుకుంటున్నాను: వంకర అట్టపెట్టెనే పంపండి. జిగురు కారినా, తలుపు తలకిందులైనా సరే, అడిగితే వాడు ఆగకుండా చెబుతాడు.

చిన్న తరగతుల వాళ్ళకి గీత మీద కత్తెర నడవదు. పాత పేపరు చేత్తో చింపి అంటించమంటే ఆ చింపిన అంచే మేకకి బొచ్చవుతుంది. బంకమట్టి బొమ్మలు నీడన ఆరాలి, ఎండలో పెడితే బీటలేస్తాయి. నేను వాళ్ళకి ఇచ్చేవి ఇలాంటి కిటుకులే. ఏం చెయ్యాలన్నది మాత్రం వాళ్ళిష్టం.

మొన్న సోమవారం పిన్ని కొంగు చాటున ఏదో పట్టుకొచ్చింది. తీసి చూపిస్తే అరటి దవ్వ ముక్క. తరుగుతుంటే లోపలి గళ్ళు కనబడ్డాయట.

"దీన్నద్దితే ఏటొస్తాదో సూడండి మేడమ్" అంది.

"నువ్వే అద్దు పిన్నీ" అన్నాను. చేతులు చీరకి తుడుచుకుని పసుపు పళ్ళెం దగ్గర కూర్చుంది. పిల్లలు చుట్టూ మూగి, "ముందు జిగురు తుడు, ముందు జిగురు తుడు" అని ఆమెకి చెబుతున్నారు.