నలుగురు అనుమానితులు

ఈ మధ్య మా బావమరిది విజయనగరం నుంచి వచ్చి నాలుగు రోజులు మోవాలో మా ఇంట్లో ఉన్నాడు. రెండో రోజు రాత్రి మా అబ్బాయి టీవీలో ఒక కొరియన్ సినిమా పెట్టాడు. పేరు ‘ఐ సా ద డెవిల్’. 2010లో వచ్చింది, దర్శకుడు కిమ్ జీ ఊన్. పక్క ఫ్లాట్ పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నారు. మొత్తం ఐదుగురం మొదలుపెట్టాం. చివరిదాకా మిగిలింది నలుగురం. మర్నాడు మధ్యాహ్నం వరకూ ఇంట్లో అదే గొడవ.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. హీరో ప్రభుత్వ గూఢచారి శాఖలో ఏజెంటు. కడుపుతో ఉన్న అతని కాబోయే భార్యను ఒక దుర్మార్గుడు ముక్కలుగా నరికి చంపుతాడు. ఆ అమ్మాయి తండ్రి రిటైరైన పోలీసు అధికారి. ఆయన రహస్యంగా నలుగురు అనుమానితుల వివరాలు అల్లుడి చేతిలో పెడతాడు. హీరో రెండు వారాలు సెలవు పెట్టి వేటకు బయలుదేరతాడు. హంతకుడు దొరుకుతాడు. అయితే చంపడు, పోలీసులకు అప్పగించడు. చావగొట్టి, ఎక్కడ ఉన్నాడో తెలిపే చిన్న యంత్రాన్ని వాడిచేత మింగించి, చేతిలో డబ్బు పెట్టి వదిలేస్తాడు. మళ్ళీ పట్టుకుంటాడు, మళ్ళీ కొడతాడు, మళ్ళీ వదిలేస్తాడు. హంతకుడుగా వేసింది చోయ్ మిన్ సిక్. ‘ఓల్డ్‌బాయ్’లో హీరో ఆయనే. ఆ కథనే 2006లో హిందీలో ‘జిందా’గా తీశారు.

ఈ సినిమా మీద జనం రెండుగా చీలిపోవడం కొత్త కాదు. సొంత దేశంలోనే అక్కడి సెన్సారు బోర్డు రెండుసార్లు దీనికి మామూలు థియేటర్లలో ఆడనివ్వని రేటింగు ఇచ్చింది. కొన్ని దృశ్యాలు తీసేశాకే 2010 ఆగస్టులో విడుదలైంది. గొప్ప సినిమా అన్నవాళ్ళున్నారు, హింసను అమ్ముకోవడం తప్ప ఇందులో ఏమీ లేదన్నవాళ్ళూ ఉన్నారు.

మా ఇంట్లో చీలిక ఇంకా తమాషాగా జరిగింది. మా ఆవిడ మొదటి హత్యకే లేచి లోపలికి వెళ్ళిపోయింది. మా అబ్బాయి ‘నటన చూడు నాన్నా, కెమెరా చూడు’ అంటూ కూర్చున్నాడు. బావమరిది మాత్రం హీరో కొట్టిన ప్రతిసారీ ‘అదీ దెబ్బంటే!’ అని తొడ చరిచాడు. పక్క ఫ్లాట్ పెద్దాయన హిందీలో చెప్పింది ఏమిటంటే, ఇదంతా కర్మఫలం, వాడు చేసింది వాడు అనుభవిస్తున్నాడు అని.

ఈ కర్మ మాట దగ్గర నేను ఊరుకోలేకపోయాను. అనుభవించింది వాడొక్కడేనా? మొదటిసారి వదిలేసిన కొద్దిసేపటికే వాడు టాక్సీలో ఇద్దరిని పొడుస్తాడు (వాళ్ళూ దొంగలే, అది వేరే సంగతి). తర్వాత ఒక క్లినిక్‌లో నర్సు మీద పడతాడు. చివరికి ఆ యంత్రం సంగతి కనిపెట్టి, విరేచనాల మందు మింగి బయటికి పంపేసి, నేరుగా హీరో మామగారింటికి వెళ్ళి ఆయన తల పగలగొట్టి, రెండో కూతురిని చంపేస్తాడు. ఆ అమ్మాయి ఏ కర్మ చేసింది? మొదటి రోజే వాణ్ణి స్టేషన్లో అప్పగించి ఉంటే ఆమె బతికేది. లోపలి గదిలోంచి ఇదంతా వింటున్న మా ఆవిడ ‘మరి ఆ పిల్ల చావు ఎవరి ఖాతాలో రాస్తారురా?’ అని తమ్ముణ్ణి అడిగింది. వాడు ‘సినిమాలే అక్కా’ అన్నాడు.

అసలు సంగతి మర్నాడు కాఫీ తాగుతుంటే నాకు తట్టింది. మనవాళ్ళు ఇలాంటి సినిమాల్లో చప్పట్లు కొట్టడానికి కారణం క్రూరత్వం కాదు. హత్య జరిగేటప్పుడు కెమెరా మనల్ని అక్కడే కూర్చోబెడుతుంది. మనం ప్రత్యక్ష సాక్షులం. అందుకే విచారణ అనవసరం అనిపిస్తుంది. మన తెలుగు పగ సినిమాలన్నీ ఈ సదుపాయం మీదే నడుస్తాయి. హీరో పొరపాటున వేరేవాణ్ణి నరికిన సినిమా ఎవరైనా చూశారా? ఈ కొరియన్ సినిమాలో మాత్రం హీరో మొదటి ఇద్దరు అనుమానితులనూ కొట్టి చూస్తాడు. ఆ హత్య చేసింది వాళ్ళు కారు. ఆ ముక్క మా వాళ్ళెవరికీ గుర్తు లేదు. నేను అడిగితే, ‘అవునా, ఎప్పుడు?’ అన్నాడు బావమరిది.

బయటి లోకంలో మనకు ఆ కెమెరా ఉండదు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని చెరిచి చంపి తగలబెట్టారు. ‘దిశ’ అని పిలిచాం ఆమెను. నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. బావమరిది ఫోన్ చేసి ‘బావా, స్వీట్లు పంచుతున్నాం’ అన్నాడు. నేనేమన్నానో దాచను. ‘మంచి పని జరిగింది’ అన్నాను. ముప్పై ఏళ్ళు డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి, టికెట్ నంబరు లేని టీఏ బిల్లు వెనక్కి పంపేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఏ కాగితమూ అడక్కుండా నలుగురి చావును పాస్ చేశాను. హేతువాదినని చెప్పుకుంటూనే.

ఆ తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితులు తుపాకులు లాక్కున్నారన్న కథను కమిషన్ నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులపై విచారణ జరగాలని రాసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా. ఇది కమిషన్ అభిప్రాయమే, కోర్టు తీర్పు కాదు. వాళ్ళు నిర్దోషులని కూడా నేను అనడం లేదు. దోషులో కాదో తేల్చాల్సిన విచారణ జరగలేదు, ఇక జరగదు.

ఇంకో సంగతి. అదే 2019 డిసెంబర్ మొదటి వారంలో సార్కేగూడ మీద జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ ముందుకు వచ్చింది. 2012 జూన్‌లో బీజాపూర్ జిల్లాలో పదిహేడు మంది చనిపోయిన కాల్పుల సంగతి అది. వాళ్ళు మావోయిస్టులని చెప్పడానికి సంతృప్తికరమైన సాక్ష్యం లేదని తేల్చింది. అప్పటి అసెంబ్లీ భవనం మోవా మీదుగా పోయే బలోదా బజార్ రోడ్డులోనే ఉండేది, మా ఇంటికి ఏమంత దూరం కాదు. ఆ వారం నేను చటాన్‌పల్లి వార్త పదిసార్లు చూశాను. ఈ వార్త కాగితం మడిచి పక్కన పెట్టాను.

సినిమా చివర హంతకుడు చచ్చే ఏర్పాటు చాలా ఘోరంగా ఉంటుంది. కన్నవాళ్ళు, కొడుకు వచ్చి తలుపు తెరవగానే వాడి తల తెగుతుంది. హీరో ఏడుస్తూ రోడ్డు మీద నడిచిపోతాడు. అంత కసి తీర్చుకున్నాక ఏడుపెందుకో బావమరిదికి అర్థం కాలేదు. ‘క్లైమాక్స్ చెడగొట్టాడు’ అన్నాడు.

వాడు వెళ్ళే రోజు స్టేషన్లో సిర్పుర్కర్ నివేదిక సంగతి మళ్ళీ ఎత్తాను. ‘రిపోర్టుదేముంది బావా, ఎవరైనా రాస్తారు. ఆ పిల్ల నీ కూతురైతే ఏం చేసేవాడివి?’ అన్నాడు. నాకు ఇద్దరు మేనకోడళ్ళు, వాడి కూతుళ్ళు. ‘నా కూతురైతే జడ్జి సీట్లో నన్ను కూర్చోబెట్టకూడదు’ అన్నాను. వాడు ఏదో అనబోయాడు. రైలు కదిలింది.