ఉపసంహారం

మహాభారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ ఒక గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. దానికి ప్రతిగా అర్జునుడు కూడా ఆ అస్త్రాన్నే సంధిస్తాడు. రెండు అగ్నిజ్వాలలు లోకాన్ని దహించకముందే వ్యాస నారదులు నడుమ నిలిచి, అస్త్రాలను మరల్చుకొమ్మని ఇద్దరికీ చెబుతారు. అర్జునుడు మరల్చుకుంటాడు. అశ్వత్థామకు అది చేతకాదు. ఆ మంట చివరకు ఉత్తర గర్భంలోని శిశువును తాకుతుంది. తిక్కన తెనిగించిన ఈ ఘట్టాన్ని పాతికేళ్లుగా తరగతిలో చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఒకే విషయం వద్ద నా మనసు ఆగుతుంది. ప్రయోగం ఇద్దరికీ తెలుసు. ఉపసంహారం ఒక్కడికే తెలుసు.

మన వంటింటి నిప్పు కూడా అస్త్రం వంటిదే. అగ్గిపుల్ల గీయడానికి, మీట నొక్కడానికి క్షణం చాలు. వేళకు ఆపడానికి మాత్రం ఒక మనిషి మెలకువతో దగ్గరే ఉండాలి. పాలు పొంగిపోని ఇల్లు, గిన్నె మాడని ఇల్లు ఎక్కడా ఉండదు. హాస్టల్ గదుల్లో బకెట్ నీళ్లలో వేలాడదీసే హీటర్ కడ్డీని చూడండి. నీళ్లు కాగాయో లేదో మామూలు కడ్డీకి తెలియదు. ఎవరో వచ్చి స్విచ్ ఆపేవరకు అది కాలుతూనే ఉంటుంది. అటువంటి వస్తువుల నడుమ, నీళ్లు మరగగానే తనంతట తాను ఆగిపోయే విద్యుత్ కెటిల్ ఉపసంహారం నేర్చిన శిష్యుడిలా నాకు కనిపించింది.

అది మా ఇంటికి రావడానికి కారణం మా అమ్మ. నాచారంలోని మా ఇంట్లో వేకువనే లేచి, ఎవరినీ లేపకుండా తన టీ తాను పెట్టుకోవడం ఆమెకు ఏళ్లనాటి అలవాటు. ఎనభై దాటిన తరువాత ఆమెను మరపు ఆవరించింది. పొయ్యి మీద నీళ్లు పెట్టి పూలు కోయడానికి వెళ్లేది. నీళ్లన్నీ ఇగిరిపోయి గిన్నె మాడిన వాసన మమ్మల్ని నిద్రలేపేది. అలా రెండుసార్లు జరిగాక ఆమెను పొయ్యి దగ్గరికి పోనివ్వకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ మాట చెప్పిన నాడు ఆమె వాదించలేదు, కోపగించుకోలేదు. మరునాడు వేకువనే లేచి, ముందుగదిలో చేతులు ఒడిలో పెట్టుకుని, ఎవరైనా లేచి టీ ఇస్తారేమోనని కూర్చుంది. అరవై ఏళ్లు ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి ఒక గ్లాసు టీ కోసం ఎదురుచూడటం నేను చూడలేకపోయాను. ఆ సాయంత్రమే ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో కెటిల్ కొని తెచ్చాను. మరిగిన నీళ్లలో టీపొడి, పాలపొడి, చక్కెర కలిపితే ఆమె టీ సిద్ధం. మొదటిసారి అది 'టక్'మని ఆగినప్పుడు అమ్మ నవ్వి, "దీనికి నాకన్న ఎక్కువ జ్ఞాపకమున్నదిరా!" అన్నది.

కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున అది ఆగలేదు. నేను లేచి చూసేసరికి వంటగది గోడలు చెమర్చి ఉన్నాయి. కెటిల్ సలసల మరుగుతూనే ఉంది. దాని మూత తెరిచి ఉంది. నీళ్లు మసులుతున్నాయో లేదో కంటితో చూసి తెలుసుకోవడం అమ్మకు పాత అలవాటు. మీట పైకెత్తి ఆపాను. కారణం తెలుసుకుందామని, పారిశ్రామికవాడకు పోయే దారిలో విద్యుత్ వస్తువులు బాగుచేసే ఒకాయన దగ్గరికి దాన్ని తీసుకుపోయాను.

ఆయన నా మాట విని, మరలు విప్పుతూనే జవాబు చెప్పాడు. "సారూ, ఇది నీళ్లను సూడదు, ఆవిరినే సూస్తది. మూత తెరిస్తే ఆవిరంత పైకే పోతది. ఇగ దీనికి ఎట్ల ఎరుకైతది?" తరువాత ఒక్కొక్క భాగమే చూపించాడు. కెటిల్ లోపల, పైభాగాన, పిడి వైపు ఒక చిన్న రంధ్రం ఉంది. అక్కడి నుంచి ఒక సన్నని గొట్టం స్విచ్ దాకా పోతుంది. మూత వేసి ఉన్నప్పుడు మరిగే నీటి ఆవిరి పాత్రలో నిండి, కొంత ఆ గొట్టంలోకి దూరుతుంది. గొట్టం చివర నాణెమంత పలుచని లోహపు బిళ్ల ఉంది. చూడటానికి ఒకే రేకులా ఉన్నా, అది ఒకదానికొకటి అతికిన రెండు లోహాల పొర. వేడి తగిలితే రెండూ వ్యాకోచిస్తాయి గాని, ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ. కలిసి సాగలేక, విడిపోలేక అవి వంగుతాయి. బిళ్లను ముందే కొంచెం గుంటగా నొక్కి ఉంచుతారు కనుక, అది మెల్లగా వంగక, ఒక నిర్ణీత వేడి వద్ద ఒక్కసారిగా రెండోవైపు పొంగుతుంది. తిరునాళ్లలో అమ్మే రేకు కప్పబొమ్మను నొక్కితే టక్కుమన్నట్లే ఇదీ. ఆ దెబ్బకు మీట పైకి లేస్తుంది. కరెంటు దారి తెగిపోతుంది.

నీటి వేడిని నేరుగా కొలవకుండా ఆవిరి కోసం కాచుకోవడం ఎందుకు? సముద్రమట్టం వద్ద నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని మీరు చదివారు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు అంతకంటే ముందే మరుగుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున ఇక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. లేహ్ వంటి చోట 88 డిగ్రీలే. నీరు 100 డిగ్రీలకు చేరితేనే ఆగే యంత్రాన్ని చేస్తే, అది ఉప్పల్లో ఎన్నటికీ ఆగదు. మన ఉప్పల్లోనే భారత సర్వేక్షణ శాఖ వారి శిక్షణ సంస్థ ఉంది. ఆ శాఖ పూర్వపు సర్వేయర్లు ఈ సూత్రాన్నే తిరగవేసి వాడుకున్నారు. 1866లో లాసా చేరిన నైన్‌సింగ్ రావత్, నీరు ఎన్ని డిగ్రీల వద్ద మరుగుతున్నదో చూసి ఆ నగరపు ఎత్తును లెక్కకట్టాడు. డిగ్రీలు ఊరూరికీ మారుతాయి. మరిగిన నీరు ధారగా ఆవిరిని వదలడం మాత్రం ఎక్కడైనా ఒక్కటే. కెటిల్ నమ్ముకున్నది దాన్నే.

ఈ ఉపాయం ఒక్కరి బుర్రలో ఒక్కనాడు పుట్టినది కాదు. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ అనే ఆంగ్లేయుడు సముద్రయానానికి పనికివచ్చే గడియారాలు చేస్తూ, ఎండకూ చలికీ కాలం తప్పకుండా ఉండేందుకు రెండు లోహాల పట్టీని రూపొందించాడు. 1955లో ఇంగ్లండులో బిల్ రస్సెల్, పీటర్ హాబ్స్ నెలకొల్పిన సంస్థ ఆవిరి తగిలితే వంగే ద్విలోహ పట్టీతో, తనంతట ఆగే కెటిల్‌ను విపణిలోకి తెచ్చింది. ఆ తరువాత ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలోని స్ట్రిక్స్ సంస్థ, దానికి సారథ్యం వహించిన జాన్ టేలర్ ఇటువంటి నియంత్రణ సాధనాలను దేశదేశాలకు చేర్చారు. ఓడ దారి తప్పకుండా కాపాడిన సూత్రమే రెండు శతాబ్దాల తరువాత గిన్నె మాడకుండా కాపాడుతున్నది.

ఆగకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. 1500 వాట్ల కెటిల్ ఒక లీటరు నీటిని దాదాపు మూడున్నర నిమిషాల్లో మరిగిస్తుంది. ఆ నీరంతా ఆవిరి కావడానికి, గుప్తోష్ణం మూలంగా, మరో పాతిక నిమిషాలు పడుతుంది. ఆ పైన వేడిని తీసుకునే నీరు ఉండదు కాబట్టి అడుగు పలక త్వరత్వరగా కాగిపోతుంది. అందుకోసం అడుగున ఆ పలకను ఆనుకుని రెండో కాపలా బిళ్ల ఉంటుంది. నీళ్లు లేకుండా మీట నొక్కినా, నీళ్లు ఇగిరిపోయినా అదే కరెంటును తెంచుతుంది. ఆయన మా కెటిల్ అడుగున పేరుకున్న తెల్లని పొరను కూడా చూపించాడు. అది మా బోరునీళ్లలోని సున్నం. పొర మందమైతే వేడి నీటికి సరిగా అందక పలకలోనే నిలిచిపోతుంది. అప్పుడు నీళ్లు మరగకముందే రెండో బిళ్ల ఆపేస్తుంది. నిమ్మఉప్పు కలిపిన నీళ్లను ఒకసారి కాచి పారబోస్తే ఆ పొర విడిపోతుందని చెప్పి, నా వద్ద పైసా తీసుకోకుండా పంపించాడు.

ఇంటికి వచ్చి అమ్మకు మూత సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "నేను గూడ పప్పు వుడికిందో లేదో ఆవిరి వాసనతోనే చెప్పేదాన్ని. ఇదీ అంతేనన్నట్టు" అన్నది. ఆనాటి నుంచి ఆమె మూత తెరవలేదు. తాను అరవై ఏళ్లు చేసిన పనినే ఆ బిళ్ల చేస్తున్నదని తెలిశాక, దాని పనికి అడ్డు రాకూడదని ఆమెకు తోచి ఉంటుంది.

ఈ యంత్రంలో నాకు మరీ నచ్చిన గుణం ఇంకొకటి ఉంది. ఇస్త్రీపెట్టె వేడెక్కితే ఆగుతుంది, చల్లారితే తిరిగి తానే మొదలుపెడుతుంది. మా కెటిల్ అలా చేయదు. బిళ్ల చల్లారి పూర్వరూపానికి వచ్చినా, మీట తనంతట తాను కిందికి దిగదు. మళ్లీ మొదలు కావాలంటే ఒక మనిషి వేలు కావాలి. ముసలితనం మనిషి నుంచి ఒక్కొక్క పనినే లాక్కుంటుంది. ఇంట్లోవారు ప్రేమతోనే మరికొన్ని పనులు లాక్కుంటారు. మా అమ్మ విషయంలో ఈ చిన్న బిళ్ల ఆమె పోగొట్టుకున్న దానిలో సగాన్ని మాత్రమే తన మీద వేసుకుని, మిగిలిన సగాన్ని ఆమెకే వదిలింది. ఆపడం దాని వంతు. ఆరంభించడం ఇప్పటికీ ఆమె వంతే.

వేకువ చీకట్లో మా వంటగదిలో మూత మూసిన చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి 'టక్'మన్న శబ్దం. ఆ వెంటనే గ్లాసులో చెంచా తిరుగుతుంది.